తెల్లపెట్ట గుడ్లు, ఎర్రపెట్ట రెక్కలు

గువ్వలకొట్టాల, డోన్ తాలూకా
ఆషాఢ మాసం, 1954

చిరంజీవి బసవన్నకు మేనత్త మద్దమ్మ దీవించి రాయించునది. నేను క్షేమం. ఎద్దులు క్షేమం. నువ్వు పంపిన కోళ్లు మరీ క్షేమం. వాటివల్ల నాకే క్షేమం లేదు.

గంపలో పెట్టి రైల్లో పంపిన తెల్లపెట్టా, పుంజూ చేరాయి. చూసినవాళ్లంతా ఇవి కోళ్లా కొంగలా అని అడిగారు. కొత్త రాజధానిలో ఉద్యోగం చేస్తున్న మా బసవడు పంపిన సర్కారు కోళ్లని ఊరంతా చెప్పుకున్నాను. ఆ గొప్ప వారం నిలవలేదు.

గుడ్లు పెడుతుంది, కాదనను. మన నాటుకోడి గుడ్డు కంటే పెద్దవే. కానీ గుడ్డు పెట్టడం, ఊరంతా వినపడేలా చాటింపు వేయడం, దిబ్బ మీదికి షికారు పోవడం. వెనక్కి తిరిగి చూడదు. గంపలో గడ్డి పరిచి, గుడ్లు పెట్టి, దాన్ని ఎత్తి కూర్చోబెడితే, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినదానిలా అటూ ఇటూ చూసి లేచిపోయింది. పక్కింటి సోమక్క ఎర్రపెట్ట ఎవరూ చెప్పకుండానే కూర్చుంటుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. తేలు కూడా పిల్లల్ని వీపున మోసుకు తిరుగుతుందే! పట్నంలో పుట్టినవాటికి కనడం తప్ప పెంచడం తెలియదా?

నాకొక కూతురు పుడితే నీకే ఇస్తానని నీ చిన్నప్పుడు ఊరందరి ముందూ అన్నాను. పుట్టకముందే మా ఆయన పోయాడు, నేను ఈ పుట్టింటికి వచ్చేశాను. నువ్వేమో బద్వేలు పిల్లను చూసుకుని, తాంబూలాలు అయ్యాక నాకు కార్డు వేశావు. అది నేను మరిచిపోయాను. మరిచిపోయానని గుర్తు చేస్తున్నాను.

ఇట్లు, గుడ్ల గంప ముందు కూర్చుని,
మద్దమ్మ వేలిముద్ర

తా.క. కోడలు ఎట్లా ఉంది? అడగకపోతే బాగుండదని అడుగుతున్నాను.

తా.క. మరొకటి. పై తా.క.లో రెండో వాక్యం వద్దని చెప్పాను. రాయమన్నది, రాశాను. — గాబ్రియేలు, బడి పంతులు, అమ్మకు రాసిపెట్టేవాడు.

*

కర్నూలు, డేరా ఆఫీసు
శ్రావణ మాసం

పూజ్యురాలైన అత్త పాదాలకు బసవన్న నమస్కరించి రాసేది. మొన్నటి గాలికి మా డేరా లేచిపోయింది. నేను గుంజను పట్టుకుని ఉన్నందువల్ల క్షేమం.

అత్తా, ఆ పెట్టను తిట్టవద్దు. మా పశువుల శాఖ ఆఫీసరును అడిగాను. ఎక్కువ గుడ్లు పెట్టేవాటినే తరతరాలుగా ఏరి పెంచడం వల్ల ఆ జాతికి పొదిగే బుద్ధి పోయిందట. పైగా అది తల్లి రెక్కల కింద పుట్టలేదు, దీపం పెట్టి వెచ్చచేసిన పెట్టెలో పుట్టింది. దానికి ఎవరు నేర్పాలి? ఒక్కొక్క జీవానిది ఒక్కొక్క తీరు. ఆముదపు కాయ ఎండకు టప్పున పగిలి గింజను అవతలికి విసిరేస్తుంది. జిల్లేడు గింజకు దూది కట్టి గాలికి అప్పజెబుతుంది. పల్లేరు తన పిల్లల్ని దారిన పోయేవాళ్ల కాళ్లకు అంటగడుతుంది. అన్నీ బతుకుతున్నాయి కదా. వాటిని ఎవరైనా తిడుతున్నారా?

ఇక అసలు సంగతి. కృష్ణవేణికి నాలుగో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు. ఆమె తల్లి ఆమె పసితనంలోనే పోయింది. బద్వేలులో ఉన్నది పెళ్లికాని అన్న ఒక్కడే, అతను రెండుపూటలా హోటల్లో తింటాడు. ఆమెకు పుట్టిల్లంటే ఒక తాళంకప్ప. ఎక్కడికి పంపాలో నాకు తోచడం లేదు. ఇక్కడ పెద్దాసుపత్రి ఉంది. మన ఇల్లూ ఉంది. నువ్వేమంటావు?

ఇట్లు, నీ జవాబు కోసం పోస్టుమానును రోజూ పలకరించే
బసవన్న

తా.క. నాకు కుర్చీ ఇచ్చారు. బల్ల ఇంకా రాలేదు. ఇది మోకాలి మీద రాశాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు మోకాలిది.

*

గువ్వలకొట్టాల
శ్రావణం చివర

చిరంజీవి బసవన్నకు అత్త మద్దమ్మ దీవెనలు. చల్లని మాట రాశావు. ఉత్తరం పంతులు రెండుసార్లు చదివాడు, నేను మూడోసారి చదవమన్నాను.

కానీ ఆ పిల్లను కాన్పుకు ఇక్కడికి తీసుకురాకు. కోపంతో అనడం లేదు. మీ అమ్మ కడుపుతో ఉన్నప్పుడు కరువు వచ్చి ఆమె పుట్టింటివాళ్లు వలసపోయారు. పెద్దలు, కోడలు ఇక్కడే కననీ అన్నారు. ఈ నడవలోనే నిన్ను కన్నది. నిన్ను నా ఒళ్లో పెట్టి, మళ్లీ లేవలేదు. ఇక ఈ ఇంట్లో కోడలు కనగూడదని ఆనాడే అనుకున్నాను. ఆ మాట దాటాలంటే నాకు భయం.

నీ కోడి సంగతి. తల్లి లేదు, అందుకే తెలియదు అని రాశావు. నువ్వూ తల్లి లేనివాడివే. నువ్వు గుడ్లు తిన్నావా? అది తిన్నది. చీకటిగా ఉంటే కూర్చుంటుందేమోనని గుడ్ల మీద పెట్టి గంప బోర్లించి, పైన రాయి పెట్టాను. సాయంత్రం ఎత్తి చూస్తే ఒక గుడ్డు తినేసి మూతి తుడుచుకుంటోంది. కంచే చేను మేసినట్టు! ఇట్లాంటి తల్లి ఉంటే ఎంత, లేకుంటే ఎంత? దీన్ని తెచ్చి నా నెత్తిన పెట్టినవాణ్ని అనాలి.

పల్లేరును ఎవరూ తిట్టరని రాశావు. నేను రోజూ తిడతాను.

ఇట్లు, అరికాలిలో ముల్లు తీసుకుంటూ,
మద్దమ్మ వేలిముద్ర

తా.క. కోడలికి చింతచిగురు పొడి పంపుతున్నాను. సోమక్క ఇచ్చిందని చెప్పు.

తా.క. మరొకటి. సోమక్క ఇవ్వలేదు. ఎండబెట్టింది, దంచింది, మూట కట్టింది అంతా ఈమే. — గా.

*

కర్నూలు
భాద్రపదం

అత్తకు బసవన్న రాసేది. ఉభయ కుశలోపరి అని రాయడానికి మనసు రాలేదు.

నేను పట్నంలో ఉన్నా పుట్టింది గువ్వలకొట్టాలలోనే. ఎదురింటి దూడను తిట్టి ఇంట్లో కోడలికి వినిపించే విద్య నాకు తెలియనిదా? మన వీధిలో ఆడవాళ్లు గేదెను తిట్టారంటే గేదెకు తప్ప అందరికీ తగిలేది. పట్నంలో పుట్టినది, కనడం తప్ప పెంచడం తెలియనిది, తల్లి లేనిది, ఉంటే ఎంత లేకుంటే ఎంత! ఇవన్నీ కోడి గురించేనా అత్తా? నేను కోడిని పంపింది నీ మనసు మెత్తబడుతుందని. నువ్వు దాన్నే కర్రగా చేసుకుని కృష్ణవేణిని కొట్టావు.

నీ ఉత్తరం చదివి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. భుజాలు కదిలిపోతున్నాయి. చూడలేకపోయాను.

ఇంట్లో కాన్పు వద్దన్నావు, సరే. మా పాట్లు మేము పడతాం. ఆ కోడిని అమ్ముకో, కోసుకో, పంతులుకు దానం చెయ్యి. ఇక దాని ఊసు ఎత్తను.

ఇట్లు,
బసవన్న

తా.క. చింతచిగురు పొడి ఇచ్చినందుకు సోమక్కకు నమస్కారాలు. సోమక్కకు మాత్రమే.

తా.క. మరొకటి. అత్తమ్మకు కృష్ణవేణి నమస్కారాలు. కవరు అంటించమని ఆయన నా చేతికి ఇచ్చారు, అందుకే ఈ ఖాళీలో రాస్తున్నాను. నేను ఏడవలేదు. “నువ్వు గుడ్లు తిన్నావా” అన్నచోట నవ్వు ఆగక లోపలికి పరుగెత్తాను. ఆయన ముఖం చూస్తే ఇంకా నవ్వొస్తుందని బయటికి రాలేదు. నేనూ దొంగతనంగా బలపాలు తింటున్నాను, నన్ను గంప కింద పెట్టకండి. బద్వేలులో మా అవ్వ బాతుగుడ్లను కోడి కింద పెట్టి పొదిగించేది. ఎవరి గుడ్డని కోడి అడగదు. సోమక్కగారి ఎర్రపెట్ట కూర్చుంటే అడిగి చూడండి. పొడి చాలా బాగుంది. సోమక్కగారు మీరేనని పంతులుగారి అక్షరాలు చెప్పాయి.

*

గువ్వలకొట్టాల
ఆశ్వయుజం మొదట్లో

అలిగిన బసవన్నకూ, అలగని కృష్ణవేణికీ మద్దమ్మ దీవెనలు. ఎవరి భాగం వాళ్లు తీసుకోండి.

ఒరే బసవా, నేను కోడిని తిడితే కోడినే తిట్టాను. నీ పెండ్లాన్ని తిట్టాలంటే నాకు నోరుంది, రెండణాలు పెడితే కవరుంది. కోడి సాయం ఎందుకు? ఈ మాట నేనన్నది అన్నట్టే రాయమని పంతులుకు చెప్పాను: “నేను తిట్నానంటే తిట్టిచ్చుకున్నోళ్లకి తెలుచ్చాది గానీ, మద్దెలో నీకు తెలిసేదేంది రా?”

అమ్మాయ్ కృష్ణవేణీ, నీ మాట ప్రకారమే చేశాను. సోమక్క పెట్ట పొదుగుకు వచ్చింది. మా ఊళ్లో ఆనవాయితీ ఏమంటే, ఒకరి గుడ్లను ఇంకొకరి కోడి పొదిగితే పిల్లల్ని చెరిసగం పంచుకుంటారు. సగం పాలు అంటాం. సోమక్క సరేనంది. తెల్లపెట్ట గుడ్లను ఎర్రపెట్ట కింద పెట్టాం. అది రెక్కలు విప్పి, తన గుడ్లే అన్నట్టు ఒక్కొక్కటీ ముక్కుతో లోపలికి జరుపుకుంది. తెల్లపెట్ట గుమ్మం దాకా వచ్చి చూసి, దిబ్బ మీదికి పోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. నిన్న సోమక్క మాట మార్చింది. “పెట్టేసి పోయినదానికి పాలేందమ్మా? కడుపు మాడ్చుకొని కూకునింది నా పెట్ట. పిల్లలన్నీ నావే” అంది. “గుడ్డు లేకుంటే నీ పెట్ట దేన్ని పొదుగుతాది, గుండ్రాయినా?” అన్నాను. వీధి రెండుగా చీలింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా పగలని గుడ్లకు ఇక్కడ పంచాయతీ జరుగుతోంది. పెద్దమనిషి పుల్లయ్య, పిల్లలు బయటపడ్డాక కూర్చుందామన్నాడు.

కాన్పు మాట మాత్రం మార్చను. ఈ ఇంట్లో కోడలు కనగూడదు. అలగాలంటే ఇంకో నెల అలుగు, నాకు అలవాటే. చిన్నప్పుడు అలిగితే జొన్నరొట్టె మీద వెన్న పెట్టేదాన్ని. ఇప్పుడు కర్నూలు దాకా వెన్న పంపితే కరిగిపోతుంది.

ఇట్లు, గుడ్డు పక్షం మనిషి,
మద్దమ్మ వేలిముద్ర

తా.క. అమ్మాయ్, బలపాలు మానుకో. నోరు ఊరితే వేయించిన శనగలు తిను.

తా.క. మరొకటి. ధర్మం చెప్పమని నన్ను పిలిచారు. ఎవరి పక్షం చెప్పినా రెండో ఇంటి నుంచి మజ్జిగ ఆగిపోతుంది. అందుకని డోన్‌లో పని ఉందని వెళ్లిపోయాను. — గా.

*

కర్నూలు
ఆశ్వయుజం చివర

అత్త పాదాలకు బసవన్న సిగ్గుతో నమస్కరించి రాసేది. కృష్ణవేణి కవరులో రాసిన సంగతి నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. అడిగితే మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి నేనూ నవ్వాను. తప్పు నాదే అత్తా. కోడిని కోసుకోమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఇప్పటికే కోసి ఉంటే తప్ప.

ఆ పిల్లలు ఎవరివని మా ఆఫీసరునే అడిగాను. తల్లి సర్కారుది కాబట్టి పిల్లలు కూడా సర్కారువేమోనని ఆయన ఫైలు తెరిచాడు. అంతలో గాలి లేచింది. ఫైలు డేరా దాటి, రోడ్డు దాటి, హంద్రీ ఏట్లో పడింది. కాబట్టి మీరే తేల్చుకోండి.

అత్తా, ఇక వంకరగా రాయను. ఇప్పుడు బల్ల కూడా ఇచ్చారు. పెద్దాసుపత్రికి వెళ్లి చూసి వచ్చాను. మంచివాళ్లే. కానీ పక్కన కూర్చోవడానికి ఇంటి ఆడమనిషి ఉండాలన్నారు. నేను కూర్చుంటానంటే నర్సులంతా నవ్వారు. కృష్ణవేణి ధైర్యంగానే ఉంటుంది. కానీ మొన్న పక్కింటి అమ్మాయిని తల్లి వచ్చి బండెక్కించి తీసుకుపోతుంటే, బండి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూసింది. లోపలికి వచ్చి అన్నం తినలేదు.

నాకు భయంగా ఉంది. నువ్వు ఇక్కడికి రాలేవా? నువ్వు వస్తే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

ఇట్లు, నువ్వు పెంచిన
బసవడు

తా.క. వెన్న కరిగినా ఫరవాలేదు. పంపు.

*

గువ్వలకొట్టాల
కార్తీక మాసం

మహారాజశ్రీ అల్లుడుగారు బసవన్నగారికి అత్తగారు మద్దమ్మ రాయించు విశేషములు. ‘గారు’ ఎందుకు వచ్చిందో కింద తెలుస్తుంది. కంగారు పడవద్దు.

గుడ్లు పగిలాయి. పిల్లలు పసుపు ముద్దల్లా ఉన్నాయి. అనుకున్నట్టే సోమక్క కళ్లంలో పంచాయతీ కూడింది. పుల్లయ్య మంచం మీద కూర్చున్నాడు. నేను తెల్లపెట్టను సాక్షిగా చంకలో పెట్టుకుపోయాను. సోమక్క పక్కన ఎర్రపెట్ట పిల్లలతో గింజలు ఏరుకుంటోంది. నేను నా వాదం మొదలుపెట్టానో లేదో, ఆకాశంలోంచి గద్ద దిగింది.

నీ తెల్లపెట్ట నా చంకలోంచి ఎగిరి, నా ముఖం మీద కాలు పెట్టి, మేకల కొట్టంలో దూరింది. దాన్ని తిట్టడం లేదు, జరిగింది చెబుతున్నాను. ఎర్రపెట్ట మాత్రం ఒళ్లంతా ఈకలు లేపి రెండింతలై, గద్ద మీదికే ఉరికింది. గద్ద పైకి లేచిపోయింది. వెంటనే పెట్ట ఒక్క కూత కూసింది. పిల్లలన్నీ దాని రెక్కల కింద దూరాయి. ఒక్కటి కూడా దారి తప్పలేదు. ఎర్ర రెక్కల సందుల్లోంచి పచ్చటి ముఖాలు బయటికి చూశాయి.

నాకు ఏడుపొచ్చింది బసవా. నిన్ను కన్నది మీ అమ్మ. ఉరుము ఉరిమితే నువ్వు దూరింది నా కొంగు కిందే. ఇన్నేళ్లూ నాకు పిల్లలు లేరని నేనే అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అంత తెలివితక్కువదాన్ని ఈ తాలూకాలో ఇంకొకతెను చూపించు.

“సోమక్కా, పిల్లలన్నీ నీవేనమ్మా, తీస్కపో” అన్నాను. సోమక్క కూడా కళ్లు తుడుచుకుంటూ, “నీ పెట్ట పెట్టకుంటే నా పెట్టకు ఈ సంబరం యాడిది? అన్నీ నువ్వే తీస్కపో” అంది. ఇప్పుడు నాకొద్దంటే నాకొద్దని పోట్లాడుకుంటున్నాం. పుల్లయ్య, ఇట్లాంటి పంచాయతీ తానెప్పుడూ చూడలేదని చెప్పి మంచం దిగాడు. నేను ఆయన్ను మళ్లీ ఎక్కమన్నాను. జనం ఎటూ కూడి ఉన్నారు కదా. లేచి నిలబడి ఇట్లా చెప్పాను. పంతులు మాట పొల్లుపోకుండా రాస్తున్నాడు:

“అందరూ ఇనండి. బద్వేలు క్రిష్ణవేణి ఈ పొద్దు నుంచి నా కూతురు. తొలి కాన్పు నా ఇంట్లోనే. ఈ ఇంట్లో కోడలు కనగూడదంటి గానీ, కూతురు కనగూడదని నేను యాడా అనలే!”

పుల్లయ్య కాసేపు గడ్డం గోక్కుని, న్యాయంగానే ఉందన్నాడు. ఆ పిల్ల అన్నకు అదేరోజు కార్డు వేయించాను. జవాబు వచ్చింది: “పోయిన అమ్మ దొరికితే ఎవరైనా వద్దంటారా?” మంచి పిల్లవాడు. హోటలు తిండి మానిపించాలి.

భయం పోయిందా అంటే పోలేదు. అందుకని ఈసారి ఒక్క దేవుడి మీదే భారం వేయలేదు. డోన్ ఆసుపత్రి మంత్రసాని ఏసుమణి వచ్చి నడవ చూసింది. కిటికీ పెద్దది చేయించి, సున్నం కొట్టించమంది. కొట్టించాను. బండికి కందెన పెట్టించి ఉంచాను. కష్టమనిపిస్తే ఆలస్యం చేయకుండా డోన్‌కు తోలాలని ఏసుమణి నాచేత ఒట్టు వేయించుకుంది. నేనూ ఆమె చేత వేయించుకున్నాను.

ఏడో నెల పడింది కదా. నేనే వచ్చి నా కూతురిని తీసుకుపోతాను. తల్లిని కాబట్టి బండిలో నేనే పక్కన కూర్చుంటాను. బండి మలుపు దగ్గర నెమ్మదిగా తోలమంటాను, మీ వీధివాళ్లు బాగా చూసుకోనీ.

ఇక నీ సంగతి. నాకు కూతురంటూ ఉంటే నీకే ఇస్తానన్నాను. ఇచ్చాను. నువ్వు కాస్త ముందే తీసుకున్నావు, అంతే. ఇప్పుడు అల్లుడివి కాబట్టి, వచ్చినప్పుడు అరుగు మీద కూర్చో. పిలిస్తేనే లోపలికి రా. ఇదివరకటిలా ఉట్టి మీది వెన్న చేత్తో తీసి తినకు, అల్లుళ్లకు మర్యాద కాదు. అడిగితే నేనే పెడతాను.

ఇట్లు, కృష్ణవేణి తల్లి,
మద్దమ్మ వేలిముద్ర

తా.క. అమ్మాయ్ కృష్ణవేణీ, బలపాలు నిజంగా మానుకున్నావా?

తా.క. మరొకటి. అల్లుడుగారికి మనవి. వేలిముద్ర అలుక్కుపోయింది. సిరా మంచిదే. ముద్ర వేసేటప్పుడు అమ్మ కళ్లు తుడుచుకున్నది అదే వేలితో. — గా.

తా.క. ఇంకొకటి, పంతులు కవరు మూయబోతుంటే ఆపి రాయిస్తున్నాను. మేకల కొట్టం నుంచి వచ్చాక నీ తెల్లపెట్ట మూల గంపలో కూర్చుంది. ఈకలు లేపుకుని, గంభీరంగా, కదలకుండా. కింద ఏముందా అని చెయ్యి పెట్టి చూస్తే ఉల్లిగడ్డ. తీయబోతే పొడిచింది. సరేనని వదిలేశాను. కొత్త కదా, ముందు ఉల్లిగడ్డ మీద నేర్చుకోనీ.